మనవాళ్ళ గుండు: మాజీ సైనికుల జ్ఞాపకాలను వినడం, సరిచూడడం

మౌఖిక చరిత్రలో వినడానికీ రాసుకోవడానికీ కష్టమైన ఒక రకం జ్ఞాపకాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుంచి చదువుకుంటున్న మీకు ఇది దూరపు విషయం కాదు. మీ వీధిలోనో, మీ అమ్మమ్మగారి ఊళ్ళోనో అందరూ 'మిలట్రీ ఆయన' అని పిలిచే పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయన ఫిరంగి దళంలో పనిచేసి ఉండవచ్చు, లేదా ఫిరంగుల అండతో కొండ ఎక్కిన పదాతి దళంలో ఉండి ఉండవచ్చు. అలాంటివారి దగ్గర ఒక్కోసారి ఒక కథ ఉంటుంది. శత్రువు వేసిన గుండు కథ కాదది. మనవాళ్ళు వేసిన గుండే తమ మీద పడబోయి తప్పిన కథ.

దీన్ని సైనికులు 'ఫ్రెండ్లీ ఫైర్' అంటారు. మనం 'స్వపక్ష కాల్పులు' అందాం. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మనవాళ్ళ గుండు తగిలి మనిషి చనిపోతే విచారణ జరుగుతుంది, కాగితం పుడుతుంది. గుండు పదిగజాల అవతల పడి అందరూ బతికి బయటపడితే, దానికి చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు. అది ఆ నలుగురైదుగురి తలల్లోనే ఉండిపోతుంది. వారు ఇప్పుడు వృద్ధులవుతున్నారు. కాబట్టి ఆ సంఘటనకు ఉన్న ఒకే ఒక్క ఆధారం మీ ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషే కావచ్చు.

అయితే ఆ ఆధారాన్ని అర్థం చేసుకోవాలంటే ఫిరంగి ఎలా పనిచేస్తుందో కొంత తెలియాలి. తెలియకపోతే ఆయన చెప్పేది వింత కథలా వినిపిస్తుంది, అంతే.

గుండు లెక్క

ఫిరంగి పేల్చేవాడికి సాధారణంగా లక్ష్యం కనిపించదు. ఇది చాలామందికి తెలియని సంగతి. ఫిరంగులు కొండ వెనుక, లోయలో, లక్ష్యానికి ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. లక్ష్యాన్ని చూసేవాడు ముందున్న పదాతి దళంతోపాటు నడిచే పరిశీలక అధికారి. ఆయన పటం మీద స్థలాన్ని గుర్తించి రేడియోలో అంకెలు చెబుతాడు. వెనుక కమాండ్ పోస్టులో ఆ అంకెలను కోణంగా, మందు పరిమాణంగా మారుస్తారు. ఫిరంగి దగ్గరున్న జవాన్లు ఆ కోణం పెట్టి గుండు వదులుతారు. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి పరిశీలకుడు 'యాడ్' అంటే ముందుకు, 'డ్రాప్' అంటే వెనక్కి, 'లెఫ్ట్', 'రైట్' అంటూ సవరణలు చెబుతాడు. అంటే చూసేవాడు ఒకడు, లెక్క కట్టేవాడు ఒకడు, పేల్చేవాడు మరొకడు. పొరపాటు ఈ ముగ్గురి మధ్య ఎక్కడైనా దూరవచ్చు.

పొరపాటు ఎంత చిన్నదైతే సరిపోతుందో చూడండి. ఫిరంగి దళంలో వృత్తాన్ని 360 డిగ్రీలుగా కాక 6400 'మిల్'లుగా విభజిస్తారు. ఒక కిలోమీటరు దూరంలో ఒక మిల్ అంటే దాదాపు ఒక మీటరు. దిశలో 10 మిల్‌ల తేడా వస్తే, అంటే ఒక డిగ్రీలో సగానికి కాస్త ఎక్కువ, 10 కిలోమీటర్ల దూరంలో గుండు సుమారు 100 మీటర్లు పక్కకు పోతుంది. మన ఊళ్ళలో 100 మీటర్లంటే రామమందిరం దగ్గర పడాల్సింది బడి దగ్గర పడటం.

ఇదంతా ఎవరో ఒకరు చేసిన తప్పు సంగతి. ఎవరి తప్పూ లేకుండా జరిగేది ఇంకొకటి ఉంది. ఒకే ఫిరంగి నుంచి, ఒకే కోణంలో, ఒకే రకం మందుతో పది గుండ్లు వదిలినా అవి ఒకే చోట పడవు. గాలి, మందు వేడి, గొట్టం అరుగుదల, గుండు బరువులో స్వల్ప తేడా, అన్నీ కలిసి వాటిని చెదరగొడతాయి. ఈ చెదురు పక్కలకు తక్కువ, గుండు వెళ్ళే దారి పొడవునా ఎక్కువ. పలాసలో రైలెక్కి భువనేశ్వర్, కటక్ దాటి వెళ్తే బాలాసోర్ వస్తుంది. దాని దగ్గరి చాందీపూర్ తీరంలో 1895 నుంచీ ఫిరంగులనూ మందుగుండునూ పరీక్షించే కేంద్రం ఉంది. మన ఊరి సముద్రం ఒడ్డునే, కాస్త ఉత్తరాన, ఇలాంటి తేడాలను కొలుస్తూ వచ్చారన్నమాట.

ఇప్పుడు 1999 కార్గిల్‌ను తలచుకోండి. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం 2,50,000కు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. శిఖరాలు కొన్ని 5,000 మీటర్లకు పైబడినవి. అంత ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 60 శాతమే. పలచని గాలిలో గుండు ఎక్కువ దూరం పోతుంది. మైదానపు లెక్కలు అక్కడ నేరుగా పనికిరావు. పైగా మన జవాన్లు శిఖరానికి ఇవతలి వాలు మీద ఎక్కుతుంటే, వెనుకనుంచి వచ్చే గుండ్లు వాళ్ళ తలల మీదుగా పోయి శిఖరం మీద పడాలి. చెదురు ఎక్కువగా ఉండేది గుండు దారి పొడవునా అని పైన చదివారు కదా. ఆ దారి కిందనే మనవాళ్ళున్నారు. గుండు కాస్త కురచగా పడితే చాలు. అలాగని కాల్పులు ఆపేస్తే శత్రువు తల ఎత్తి మెషిన్‌గన్ పట్టుకుంటాడు. అందుకే ఎంత దగ్గరదాకా కాల్పులు కొనసాగించాలన్నది ప్రాణాలతో వేసే లెక్క. స్వపక్షం 600 మీటర్ల లోపు ఉంటే అమెరికా సైన్యంలో ఫిరంగుల వారికి 'డేంజర్ క్లోజ్' అని ముందే హెచ్చరించాలన్న పద్ధతి ఉంది. కొండ యుద్ధంలో దాడి చివరి దశలో ఆ దూరం ఇంకా ఎంతో తగ్గిపోతుంది.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. మాట వినపడకపోతే మనం ఫోనులో 'రిపీట్' అంటాం. ఫిరంగి దళం రేడియోలో అలా అనకూడదు. అక్కడ 'రిపీట్' అంటే 'అదే చోట మళ్ళీ కాల్చండి' అని అర్థం. అందుకే 'సే అగైన్' అంటారు. మీ ఇంట్లో ఉన్న మాజీ సైనికుడు ఇప్పటికీ ఫోనులో 'సే అగైన్' అంటుంటే నవ్వకండి, ఎందుకని అడగండి. సంభాషణ అక్కడే మొదలవుతుంది.

విన్నదాన్ని సరిచూడడం

ఇక ఒక ఊహా ఉదాహరణ. మందస దగ్గర జీడి తోటలో కూర్చుని ఒక మాజీ హవల్దారు మీతో ఇలా అన్నారనుకుందాం: "ఎనకనించి మన గుండు మా మీంచి ఎల్లాల మాస్టారూ. అదేటో మా పక్కనే పడ్డాది. మావోడు రేడియోలో అరిసినాడు. అంతే, ఆగిపోనాది."

నాలుగు వాక్యాల మాటే అయినా మీరిప్పుడు దీన్ని చదవగలరు. 'ఎనకనించి' అన్నారు కాబట్టి దిశ తెలిసింది. 'పక్కనే' అంటే ఎడమకా, కుడికా, ముందా, వెనకా? పక్కకు పడితే దిశలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. వెనక పడితే దూరంలో పొరపాటో, సహజమైన చెదురో కావచ్చు. 'మావోడు' పరిశీలక అధికారి వెంట ఉన్న ఆపరేటరా, పదాతి దళం ఆపరేటరా? అరిచాక మరో గుండు వచ్చిందా? గుండు గాల్లో అరనిమిషమో అంతకంటే ఎక్కువో ఉండవచ్చు. ఒకసారి వదిలినదాన్ని వెనక్కి పిలవలేం. 'అంతే ఆగిపోయింది' అన్న జ్ఞాపకంలో ఆ అరనిమిషం మాయమై ఉండవచ్చు. లేదా ఆయన ఇప్పటికీ ఆ అరనిమిషంలోనే ఉండి ఉండవచ్చు.

అసలు అది మన గుండేనా? ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. లోయల్లో ప్రతిధ్వని వల్ల శబ్దం ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. శత్రువు ఫిరంగులు కూడా అదే వేళకు కాలుస్తుంటాయి. నేల మీద పడ్డ గొయ్యి ఆకారాన్ని బట్టి, దొరికిన ముక్కలను బట్టి గుండు ఎటునుంచి వచ్చిందో చెప్పే పద్ధతి ఉంది. ఆ రాత్రి దాన్ని చూసే తీరిక ఎవరికుంటుంది? ఆయన 'మనది' అంటే 'మనదని ఆయన నమ్మారు' అని రాసుకోండి. ఆ నమ్మకం కూడా చారిత్రక వాస్తవమే. తర్వాతి రోజుల్లో రేడియోలో ఎవరి గొంతు వింటే ఆయనకు ధైర్యం కలిగిందో, ఎవరి గొంతు వింటే కలగలేదో నిర్ణయించింది అదే.

తేదీల విషయంలో మన తీరవాసులకు ఒక సౌకర్యం ఉంది. తుపాన్లే మన క్యాలెండరు. 2013 అక్టోబరు ఫైలిన్, 2018 అక్టోబరు తిత్లీ ఉద్దానం కొబ్బరి చెట్లను కూల్చిన రోజులు ఎవరికీ మరపు రావు. కార్గిల్ ముగిసిన 1999లోనే అక్టోబరు చివర ఒడిశా పెనుతుపాను వచ్చింది. "ఏ నెల?" అని అడిగితే తడుముకునే మనిషి, "పెనుతుపానుకి సెలవులో ఇంటికొచ్చారా?" అంటే ఠక్కున చెబుతారు. డిశ్చార్జి బుక్ చూపించమని మర్యాదగా అడగండి. యూనిట్, ట్రేడ్, సర్వీసు కాలం అందులో ఉంటాయి. యూనిట్ల వార్ డైరీల వంటి రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళకు బహిరంగం చేయాలని రక్షణ మంత్రిత్వశాఖ 2021లో విధానం ప్రకటించింది. 1999కి ఆ గడువు దాటింది. ఒకరి మాటను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసే రోజు మీ తరానికి దొరకవచ్చు.

కాగితం ఉన్నా అది ఎప్పుడూ నిజం వెంటనే చెప్పదని కూడా గుర్తుంచుకోండి. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాం దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టరు కూలి ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణే అని, అది పెద్ద తప్పని వాయుసేన అధిపతి బహిరంగంగా చెప్పింది ఆ ఏడాది అక్టోబరులో. అంతకు వందేళ్ళ కిందట, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికులు తమ ఫిరంగుల వల్లే ఎందరు గాయపడ్డారో, ఎందరు మరణించారో లెక్క తేల్చాలని పెర్సాఁ అనే ఫ్రెంచి జనరల్ 1921లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన అంచనా 75,000. ఆ అంకె మీద వాదోపవాదాలు జరిగాయి. ఆయన స్వయంగా ఫిరంగి దళం మనిషి కావడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు దళాలు ఎక్కడున్నాయో, ఏ ఆయుధం ఎక్కడుందో అడగవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాజీ సైనికులకూ వర్తిస్తుంది. రెండోది చట్టంలో లేదు. నేను నా తప్పు నుంచి నేర్చుకున్నది. చాలా ఏళ్ళ కిందట ఉద్దానంలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఇలాంటి కథే వింటూ, ఉత్సాహం ఆపుకోలేక "అయితే తప్పు ఎవరిదండీ?" అని అడిగాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి రెండు కొబ్బరి బోండాలు కొట్టి తెచ్చారు. ఆ తర్వాత గంటసేపు చెట్ల తెగుళ్ళ గురించి మాట్లాడారు. గుండు సంగతి మళ్ళీ ఎత్తలేదు. లెక్క కట్టిన కుర్రాడు ఆయన స్నేహితుడేమో, ఆ అంకె చెప్పింది ఆయనేనేమో, నేను ఆలోచించలేదు.

కాబట్టి 'ఎవరు' అని అడగకండి. 'అప్పుడు మీరెక్కడున్నారు, ఏం కనిపించింది, ఏం వినిపించింది, తర్వాత ఏం చేశారు' అని అడగండి. రికార్డర్ ఆపమంటే ఆపండి. ఆపాక చెప్పినదాన్ని ఆయన అనుమతి లేకుండా మీ అసైన్‌మెంటులో రాయకండి. అనుమతి ఇస్తే పేరు, ఊరు, యూనిట్ తీసేసి రాయండి. రాసింది ఒకసారి ఆయనకు చదివి వినిపించండి. కొన్నిచోట్ల సరిదిద్దుతారు. దూరాలు, గంటలు మారతాయి. ఏ సవరణ ఏ రోజున చేశారో అంచున రాసి, పాత వాక్యాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచండి.