జైలు గోడ దాటని తెలుగు ఉత్తరం

మన సంఘంలో పెద్దవాళ్ళ ఇళ్ళలో పాత అట్టపెట్టెలు వెతికితే ఇప్పటికీ నీలిరంగు ఏరోగ్రాములు బయటపడతాయి. మడత అంచుల్లో కూడా చోటు వదలకుండా అమ్మ రాసిన తెలుగు. ఆ ఉత్తరాన్నే అమ్మ ఇంగ్లీషులో రాయవలసి వస్తే? తలచుకుంటేనే నవ్వొస్తుంది. కానీ ఒక తెలుగు దంపతులకు నిజంగానే ఆ అవసరం వచ్చింది.

అమలాపురం వాడైన జి.ఎన్. సాయిబాబా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అధ్యాపకుడు. చిన్నప్పుడే పోలియో సోకి చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. మావోయిస్టులతో సంబంధం ఉందని 2014లో అరెస్టు చేశారు, 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నాగపూర్ జైలులోని అండా సెల్ నుంచి ఆయన భార్య వసంతగారికి ఉత్తరాలు రాసేవారు. తెలుగులో రాస్తే జైలు అధికారులు ఒప్పుకోలేదు. భార్యాభర్తలిద్దరూ తమ మధ్య ఎన్నడూ వాడని ఇంగ్లీషులో, మూడో మనిషి చదువుతాడని తెలిసి, కష్టసుఖాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాలూ, కవితలూ 2022లో పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఆయనకు ఆ భాష కష్టమేమీ కాదు. అయినా ఇల్లాలికి రాసే భాష వేరు కదా!

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. కెన్యా రచయిత గూగీ వా థియోంగో 1978లో జైల్లో ఉండగానే ఇంగ్లీషు వదిలి తన గికుయూ భాషలో నవల రాశారు, అదీ టాయిలెట్ కాగితాల మీద. ఆ నవలను తెలుగు చేసిన వరవరరావుగారు కూడా అప్పుడు జైల్లోనే ఉన్నారు. జైలు ఒకరిని మాతృభాషకు చేర్చింది, మరొకరి చేత దాన్ని మాన్పించింది.

వరవరరావుగారి రాజకీయాలు మనలో చాలామందికి గిట్టవు. మా ఇంట్లోనూ ఈ వాదన జరుగుతూనే ఉంటుంది. అది పక్కన పెట్టి, ఆయన కుటుంబం 2020లో చేసిన పని చూడండి. భీమా కోరేగావ్ కేసులో ఆయన అప్పుడు మహారాష్ట్ర జైల్లో ఉన్నారు, వయసు 79. దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఫోనులో తడబడుతూ, ఉన్నట్టుండి హిందీలోకి వెళ్ళిపోతున్నారు. జూలైలో మాట్లాడినప్పుడు, ఎప్పుడో పోయిన అమ్మానాన్నల అంత్యక్రియల గురించి ఏదో చెప్పారు. డాక్టరుగా నాకు ఇది చదవగానే గుండె ఝల్లుమంది. ముసలితనంలో మాట ఇలా తప్పిందంటే ఒంట్లో ఏదో పెద్ద తేడా వచ్చిందని అర్థం. ఏ పరీక్షా లేకుండా, కేవలం ఆయన తెలుగు విని ఇంటివాళ్ళు ఆ సంగతి గ్రహించారు. ఊరుకోక పత్రికలవారిని పిలిచి చెప్పారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రికి తరలించారు, కోవిడ్ ఉన్నట్టు తేలింది. 2021లో వైద్య కారణాల మీద బెయిలు వచ్చింది.

వసంతగారికి అంత కలిసిరాలేదు. 2020 ఆగస్టులో హైదరాబాదులో అత్తగారు క్యాన్సరుతో పోయారు. కొడుక్కి చివరి చూపు కోసం పెరోలు దొరకలేదు. కోర్టుల చుట్టూ, సభల చుట్టూ ఆమె తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు విడుదల చేయమంటే, మర్నాడే, శనివారం పూట, సుప్రీంకోర్టు ఆపేసింది. అదే కేసులో శిక్షపడిన పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడు, ఆ తీర్పు వినకముందే, అంతకు రెండు నెలల క్రితం చనిపోయాడు.

2024 మార్చిలో హైకోర్టు మళ్ళీ నిర్దోషి అన్నది. సాయిబాబా బయటికొచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకోవడానికి ఆ దంపతులకు దక్కినవి ఏడు నెలలు. అక్టోబరు 12న, శస్త్రచికిత్స తర్వాత తలెత్తిన ఇబ్బందులతో నిమ్స్‌లో ఆయన కన్నుమూశారు. దేహాన్ని గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చారు. మనలో కొందరం అనాటమీ నేర్చుకున్నది అక్కడే.