పరిశోధన దత్తాంశానికి హైబ్రిడ్ క్లౌడ్ నిల్వ: నిర్మించుకోవాలా, కొనుక్కోవాలా?

వ్యవసాయ పరిశోధన స్థానాల దత్తాంశం ఇంతకాలం క్షేత్ర నమోదు పుస్తకాల్లోనూ, ఒకరిద్దరి కంప్యూటర్లలోనూ ఇమిడిపోయేది. డ్రోన్ వచ్చాక ఆ లెక్క మారింది. ఐదు వర్ణపట్టీల కెమెరా తీసే ఒక్కొక్క చిత్రం 12 మెగాబైట్లనీ, ఒక విడతకు వెయ్యి చిత్రాలనీ అనుకుందాం. వారానికొక విడత చొప్పున 16 వారాల ఖరీఫ్‌లో ఒక్క ప్రయోగానికే 192 గీగాబైట్లు పోగవుతాయి. సెకనుకు 20 మెగాబిట్ల లైను మీద ఒక విడత చిత్రాలను క్లౌడ్‌కు పంపాలంటే, లైను పూర్తి వేగంతో పనిచేసినా 80 నిమిషాలు పడుతుంది.

కనుక అంతా క్లౌడ్‌లోనే ఉంచి పనిచేయడం మన స్థానాలకు పొసగదు. అంతా ఒక్క గదిలోనే ఉంచితే ఒక పిడుగుకో, వరదకో సర్వం పోవచ్చు. నిత్యం వాడేది దగ్గరా, దాని ప్రతి దూరానా ఉండే హైబ్రిడ్ విధానం అందుకే అవసరమైంది. హైబ్రిడ్ అనగానే మనకు ఏటా కొనవలసిన విత్తనం గుర్తుకు వస్తుంది. ఆ పోలిక ఇక్కడ కొంతవరకు నిజమే.

సెఫ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో సొంతంగా నిర్మించుకోవచ్చు. అది సాధారణంగా ప్రతి దత్తాంశాన్నీ మూడు ప్రతులుగా దాస్తుంది. 100 టెరాబైట్ల నిల్వకు 300 టెరాబైట్ల డిస్కులు కావాలి. నాలుగు భాగాలకు రెండు రక్షణ భాగాలు చేర్చే పద్ధతిలో 150తో సరిపెట్టవచ్చు గాని, ఒక్కో భాగం ఒక్కో యంత్రంలో ఉండాలంటే కనీసం ఆరు సర్వర్లు కావాలి. అసలు ఖర్చు యంత్రాలది కాదు, మనిషిది. పాడైన డిస్కు మార్చడం, సాఫ్ట్‌వేరు నవీకరించడం, అనుమతులు చూడడం తరచుగా ప్రాజెక్టు ఉద్యోగి మీద పడతాయి. ప్రాజెక్టు ముగిసి ఆయన వెళ్లిపోతే పాస్‌వర్డూ, పరిజ్ఞానమూ ఆయనతోనే వెళ్తాయి. డ్రాప్‌బాక్స్ తన నిల్వలో అధిక భాగాన్ని అమెజాన్ నుంచి సొంత వ్యవస్థకు మార్చి లాభపడిన మాట వాస్తవమే. అయితే నిల్వే దాని వ్యాపారం. ఆ పనికే ప్రత్యేకించిన ఇంజనీర్లు దానికి ఉన్నారు.

మన సంస్థలను నిర్మాణం వైపు లాగేది సాంకేతిక కారణం కన్నా పద్దుల తీరు. పరికరాలకు ఒకేసారి నిధులు మంజూరవుతాయి. ఏటేటా చెల్లించే చందాకు దొరకవు. అందువల్ల సర్వర్లు వస్తాయి, వాటి నిర్వహణకు మాత్రం పైకం ఉండదు.

కొనుగోలులోనూ చిక్కులున్నాయి. క్లౌడ్‌లోకి దత్తాంశం చేర్చడం సాధారణంగా ఉచితం. బయటికి తీసుకోవడానికి రుసుము. అమ్మకందారు షరతులు కూడా మారవచ్చు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వచ్చిన వీఎంవేర్, కొద్ది వారాల్లోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిపివేసి చందా పద్ధతికి మారింది. ఉచిత సాఫ్ట్‌వేరుకూ ఇలాంటి బెడద తప్పలేదు: సెంట్‌ఓఎస్ 8కు 2021తోనే మద్దతు ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది.

నిల్వ చూసుకోవడానికి ఇద్దరు శాశ్వత సిబ్బంది లేని స్థానం కాపలా పనిని కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. స్థానికంగా తయారు నిల్వ పెట్టె, దూరాన అద్దె క్లౌడ్ చాలు. నిర్మించుకోవలసింది దత్తాంశ సూచిక. ప్లాటు సంఖ్య, ట్రీట్‌మెంటు, తేదీ, పరికరం, కొలత ప్రమాణం, బాధ్యుని హోదా అందులో ఉండాలి. ఇది ఏ కంపెనీ అమ్మేది కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ అక్కరకు వస్తున్నదంటే, ఏ ప్లాటులో ఏమి వేశారో రాసిపెట్టి ఉండడమే ప్రధాన కారణం.

టెండరులో మూడు షరతులు తప్పనిసరి. అమెజాన్ 2006లో తెచ్చిన ఎస్3 పద్ధతిని ఇప్పుడు సెఫ్‌తో సహా అనేక వ్యవస్థలు అనుసరిస్తున్నాయి. కొనేది దానికి అనుగుణంగా ఉండాలి. గుప్తీకరణ తాళాలు సంస్థలో ఇద్దరు అధికారుల వద్ద ఉండాలి. ఒప్పందం ముగిసినప్పుడు దత్తాంశం తిరిగి తీసుకునే ఖర్చు ముందే ధరలో చేర్చాలి. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లున్న సర్వే ఫైళ్లను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం దృష్ట్యా విడిగా ఉంచడం మంచిది.

సొంతమైనా, కొన్నదైనా ఒక పరీక్ష మాత్రం ఒక్కటే. ప్రతి ఖరీఫ్‌కు ముందు ఐదేళ్ల నాటి ఒక ప్రయోగాన్ని ఎంచుకొని, దానితో సంబంధం లేని విద్యార్థి చేత దూరపు ప్రతి నుంచి తెప్పించి, దిగుబడి పట్టికను తిరిగి తయారు చేయించాలి. ముద్రిత నివేదికలోని అంకెలతో ఆ పట్టిక సరిపోలకపోతే, ఆ ఏడాది కొత్త డిస్కులు కొనే ముందు సూచికను సరిచేయాలి.