కోసిగి నుంచి గుంటూరుకు వీడియో కాల్.. మధ్యలో డేటా ఎన్ని ఊళ్లు తిరుగుతుందో తెలుసా?

ఫోన్‌లో సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది. రీఛార్జ్ కూడా ఉంటుంది. అయినా వీడియో కాల్‌లో అవతలి మనిషి ముఖం ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. టవర్ ప్రాబ్లం అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ టవర్ దాటాక డేటా ఏ దారిలో వెళ్తోందన్నది కూడా అంతే ముఖ్యం. ఆ దారిని దగ్గర చేసేవే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పాయింట్లు. షార్ట్‌గా ఐఎక్స్‌పీలు అంటారు. ఇంతకీ అవి ఏం చేస్తాయి? కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లకు వాటితో పనేంటి?

గుంతకల్లు జంక్షన్‌తో పోల్చి చూస్తే..

కోసిగి స్టేషన్ ముంబై–చెన్నై మెయిన్ లైన్‌లో ఉంది. ఇక్కడి నుంచి గుంటూరు వెళ్లాలంటే గుంతకల్లు దాకా వెళ్లి, నంద్యాల లైన్ పట్టుకుంటాం. ఒకవేళ గుంతకల్లులో జంక్షన్ లేదనుకోండి. వేరే దారిలో చుట్టు తిరిగి రావాల్సిందే.

ఇంటర్నెట్‌లోనూ ఇదే లెక్క. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, మన వీధి కేబుల్ ఆపరేటర్.. ఎవరి నెట్‌వర్క్ వాళ్లది. ఒకరి కస్టమర్ నుంచి ఇంకొకరి కస్టమర్‌కు డేటా వెళ్లాలంటే ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి. అలా కలుసుకునే జంక్షనే ఐఎక్స్‌పీ. చూడటానికి పెద్ద ఫ్యాక్టరీలా ఏమీ ఉండదు. కరెంటు పోకుండా, ఏసీ ఆగకుండా చూసుకునే ఒక గది. అందులో స్విచ్ అనే పెట్టె. నెట్‌వర్క్‌లన్నీ తమ ఫైబర్‌ను తెచ్చి దానికి కలుపుతాయి, అంతే.

సుగ్గికి వెళ్లిన ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు

కోసిగి చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి వెళ్తాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, హైదరాబాద్, బెంగళూరులో కట్టడం పనులకు కొందరు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. వాళ్లకు అమ్మానాన్న కనిపించేది ఫోన్‌లోనే. తల్లి ఫోన్‌లో ఒక కంపెనీ సిమ్, ఇంట్లో ఇంకో కంపెనీ సిమ్ ఉంటే.. ఆ రెండు నెట్‌వర్క్‌లు ఎక్కడ కలుస్తాయో అక్కడిదాకా డేటా వెళ్లి రావాల్సిందే. అది హైదరాబాద్ కావచ్చు, చెన్నై కావచ్చు, ముంబై కూడా కావచ్చు.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. 500 కిలోమీటర్లు పోయి రావడానికి పట్టేది 5 మిల్లీసెకన్లే. అదే సముద్రం దాటి సింగపూర్ దాకా వెళ్లొస్తే ఇంకో 30 మిల్లీసెకన్లకు పైగా కలుస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక యాప్ తెరుచుకునేలోపు ఫోన్‌కు, సర్వర్‌కు మధ్య సమాచారం చాలాసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. దారిలో రద్దీ ఉంటే ప్రతిసారీ ఆలస్యమే. పైగా దూరం నుంచి తెచ్చుకునే బ్యాండ్‌విడ్త్‌కు చిన్న ఆపరేటర్ పై కంపెనీకి డబ్బు కట్టాలి. ఆ భారం చివరికి మన నెల బిల్లు మీదే పడుతుంది.

కెన్యాలో ఏం జరిగింది?

ఈ విషయంలో ఆఫ్రికా దేశం కెన్యా కథ వినాల్సిందే. 2000 నవంబర్‌లో నైరోబీలో అక్కడి ఇంటర్నెట్ సంస్థలు కలిసి ఎక్స్ఛేంజ్ పెట్టుకున్నాయి. అప్పట్లో విదేశీ లింకుల మీద గుత్తాధిపత్యం ఉన్న టెలికాం సంస్థ ఫిర్యాదు చేయడంతో రెండు వారాల్లోనే అది మూతపడింది. పట్టు వదలకుండా లైసెన్స్ తెచ్చుకుని 2002లో మళ్లీ మొదలుపెట్టారు. ఇంటర్నెట్ సొసైటీ లెక్కల ప్రకారం 2012లో కెన్యా ట్రాఫిక్‌లో 30 శాతమే స్థానికంగా అందేది. 2020 నాటికి అది 70 శాతానికి చేరింది. గూగుల్ లాంటి పెద్ద సంస్థలు జనం ఎక్కువగా చూసే వీడియోల కాపీలను అక్కడే సర్వర్లలో పెట్టడం ఇందుకు పెద్ద కారణం.

మన దగ్గర ఎలా ఉంది?

మన దేశంలో 2003లో నిక్సీ ఏర్పాటైంది. లాభాపేక్ష లేని ఈ సంస్థకు ఇప్పుడు దేశవ్యాప్తంగా 70కి పైగా ఎక్స్ఛేంజ్‌లు ఉన్నాయి. అయితే మొదట్లో లైసెన్స్ ఉన్న ఇంటర్నెట్ సంస్థలనే చేర్చుకునేవారు. డేటా అడిగిన నెట్‌వర్కే డబ్బు కట్టాలన్న రూల్ కూడా ఉండేది. చిన్న ఆపరేటర్లు పంపేది తక్కువ, తీసుకునేది ఎక్కువ. అంటే దెబ్బ పడింది వాళ్లకే! తర్వాత ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు వచ్చినా, వాటి చూపు ముంబై, చెన్నై లాంటి మహానగరాల మీదే ఎక్కువ.

ఇక ఏపీ విషయానికొస్తే, ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, లోకల్ కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు ఇచ్చారు. 2025 అక్టోబర్‌లో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని గూగుల్ ప్రకటించింది. సముద్ర కేబుళ్లు కూడా అక్కడికి వస్తాయని చెప్పింది. మంచిదే. కానీ విశాఖ ఒక మూల, కోసిగి ఇంకో మూల. తీరానికి కేబుల్ వచ్చినంత మాత్రాన రాయలసీమ పడమటి పల్లెలో నెట్ బాగుపడదు. లైన్ వేస్తే సరిపోదు, దగ్గర్లో జంక్షన్ కూడా ఉండాలి.

అన్నింటికీ ఇదే మందా?

కాదు. టవర్‌కు కరెంటు లేకపోతే, రోడ్డు పనుల్లో ఫైబర్ తెగితే, సచివాలయంలో సర్వర్ డౌన్ అయితే ఎక్స్ఛేంజ్ ఏమీ చేయలేదు. కోసిగిలోనే ఒకటి పెట్టాల్సిన అవసరమూ లేదు. ఎక్స్ఛేంజ్‌కు విలువ వచ్చేది అందులో చేరే నెట్‌వర్క్‌ల వల్లే. ఎవరూ రాకపోతే అది ఏసీ వేసిన ఖాళీ గదే. కర్నూలు లేదా ఆదోనిలో పెద్ద కంపెనీలు, ఫైబర్‌నెట్, కేబుల్ ఆపరేటర్లు ఒకేచోట కలిసి, వీడియోల కాపీలు దాచే సర్వర్లు కూడా అక్కడే ఉంటే ఈ ప్రాంతానికి అసలు ప్రయోజనం.

మరి మనం చేయగలిగింది ఏంటి? కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఎన్ని ఎంబీపీఎస్ అని మాత్రమే అడగకండి. మీ నెట్‌వర్క్ ఏ ఊళ్లో, ఏ ఎక్స్ఛేంజ్‌లో కలుస్తుంది? ఒక లైన్ తెగితే రెండో దారి ఉందా? ఆపరేటర్‌ను ఈ రెండూ అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే జంక్షన్ దగ్గరికి వస్తుంది.