ధాన్యం బజారులో ‘పానిక్’: మాట ఎక్కడిది?

మచిలీపట్నం: కోతల రోజుల్లో వాయుగుండం కబురు వచ్చిందంటే బందరు, గుడివాడ ప్రాంతాలలో ధాన్యం బజారు మెత్తబడుతుంది. పనల మీద పంట ఉన్న రైతు, నిలవకు చోటు లేని రైతు వచ్చిన ధరకు తెగనమ్ముతారు. వర్తకులు వీటిని ‘పానిక్ అమ్మకాలు’ అంటారు.

ఈ మాట గ్రీకులది. ‘పాన్’ వారి గొల్లల దేవుడు. మేక కాళ్లు, కొమ్ములు గలవాడు. మేతలో ఉన్న మంద ఏ కారణమూ కనబడకుండా బెదిరి పరుగెత్తితే అది పాన్ పనేనని వారి నమ్మకం. ఆయన పేరిట ఏర్పడిన ‘పానికోస్’ ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లీషులో చేరి, తరువాత బజారుకెక్కింది. 1866 మే నెలలో ఓవరెండ్ గర్నీ సంస్థ చెల్లింపులు నిలిపివేయగా లండన్‌లో డిపాజిటుదారులు బ్యాంకుల మీద పడటాన్ని ‘పానిక్’ అనే చరిత్రలో రాశారు.

వరిగ శాస్త్రీయనామం ‘పానికమ్ మిలియేసియం’. ఆ పానికమ్ లాటిన్‌లో ఒక చిరుధాన్యం పేరు. దేవునితో సంబంధం లేదు. చిరుధాన్యాల వర్తకులు బెదరనక్కరలేదు!

కంగారు, గాభరా అని మనమూ అంటాము గాని, అసలు అర్థానికి దగ్గరైనది ‘బెదురు’. ఒక గేదె తోక ఎత్తితే మందంతా గట్టు దాటుతుంది. ఎందుకో వెనుకదానికి తెలియదు.

అయితే దివిసీమ రైతు అమ్మకానికి ఈ పేరు తగునా? పానిక్ అంటే కారణం కనబడని భయం. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది బలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన పనలు నీట నానాయి. తేమ 17 శాతం మించితే మద్దతు ధర కొనుగోలుకు నిబంధన అడ్డు వస్తుంది. గింజ మొలకెత్తితే అడిగేవారుండరు. వానకు ముందే బస్తాకు కొంత వదులుకోవడం లెక్క తెలిసిన పనే.

నిజమైన పానిక్ వేరు. ఆరబెట్టి, కాటా వేసి గిడ్డంగిలో భద్రంగా ఉన్న సరుకును కూడా, పక్కవాడు అమ్మాడని అమ్మడం అది. ఆ పూట మిల్లుల ముందు బళ్లు బారులు తీరుతాయి, గోతాలు దొరకవు, ధర మరింత జారుతుంది. తీరా వాయుగుండం దారి మళ్లితే, చవకగా పడిన సరుకు మిల్లరు గోడౌనులో ఉంటుంది.