సముద్రం దాటిన పిల్లలు, సరిహద్దు దాటలేని పిల్లలు

పదహారేళ్ల పిల్లను ముక్కూ మొగమూ ఎరుగని వారి ఇంట ఏడాదిపాటు ఉంచడానికి ఏ తల్లిదండ్రులు సమ్మతిస్తారు? అయినా భారత, పాకిస్తాన్ దేశాలు రెండింటి నుంచీ హైస్కూలు విద్యార్థులు ఎందరో ఇట్లా అమెరికా వెళ్ళివచ్చారు. ఈ మార్పిడి మన పిల్లలకు నేర్పినదేమిటో, మన ప్రభుత్వాలకు నేర్పనిదేమిటో విచారించవలసి ఉన్నది.

ఈ పద్ధతికి పునాది యుద్ధరంగంలో పడింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ క్షతగాత్రులను అంబులెన్సులలో చేరవేసిన ‘అమెరికన్ ఫీల్డ్ సర్వీస్’ స్వచ్ఛంద సేవకులు, దేశాల మధ్య సఖ్యతకు పిల్లలే దారి అని తలచి, 1947లో హైస్కూలు విద్యార్థుల మార్పిడికి ఉపక్రమించారు. మన ఉపఖండం రెండు ముక్కలైన సంవత్సరమూ అదే. 2001 సెప్టెంబరు 11 దాడుల దరిమిలా, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం 2002లో ‘యెస్’ అనే మరొక పథకం నెలకొల్పింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ల పేర్లతో అది ప్రసిద్ధం. భారతదేశమూ, పాకిస్తానూ రెండూ అందులో పాలుపంచుకున్నాయి.

విద్యార్థి హాస్టలులో కాక ఒక కుటుంబంలో ఒకరుగా ఉండడమే ఈ పథకాల ఆయువుపట్టు. ఆతిథ్యమిచ్చేవారికి ప్రతిఫలం ముట్టదు. విద్యాసంవత్సరం ముగియగానే పిల్లలు స్వదేశం చేరాలి. అక్కడే స్థిరపడడానికి ఇది నిచ్చెన కాదు.

ఇట్లా వెళ్ళివచ్చిన కొందరితో ఢిల్లీలో మాట్లాడాను. తమను కలవరపెట్టినది భాష కాదనీ, భోజనమూ కాదనీ వారు చెప్పారు. ఇంటి యజమానిని పేరుపెట్టి పిలవడానికి నోరు రాక, ‘ఏమండీ’ అనే మాటకు ఇంగ్లీషులో సాటి దొరకక, అవసరమైన ప్రతిసారీ ఎదుటికి వెళ్ళి నిలబడేదాన్నని ఢిల్లీలో పెరిగిన ఒక తెలుగమ్మాయి చెప్పింది. కులం గురించి, కట్నం గురించి తరగతిలో ప్రశ్నలు వచ్చినప్పుడు, స్వదేశంలో తాను ఏవగించుకున్న వాటికి సైతం సంజాయిషీ చెప్పవలసి వచ్చిందట. పదహారేళ్లకే రాయబారి బరువు!

ఆ ఏడాది ఆమెకు మిక్కిలి ఆప్తురాలైనది లాహోరు నుంచి వచ్చిన విద్యార్థిని. ఆమె ఉర్దూ, ఈమె హిందీ ఒకరికొకరికి పరాయివి కాలేదు. ఇద్దరిదీ ఏ దేశమో తోటివారు పోల్చుకోలేకపోయారు. కాశ్మీరు ప్రసంగం వచ్చిననాడు ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదట. మూడో నాడు పప్పు వండుకోవడానికి మళ్ళీ కలుసుకున్నారట. అభిప్రాయాలు మారలేదు, స్నేహమూ చెడలేదు.

ఢిల్లీ అమ్మాయి లాహోరు అమ్మాయిని కలవడానికి సప్తసముద్రాలు దాటవలసి రావడమే విపరీతం. 1993లో ఇజ్రాయెలీ, అరబ్బు బాలల కోసం అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఆరంభమైన ‘సీడ్స్ ఆఫ్ పీస్’ శిబిరంలో 2001 నుంచి భారత, పాకిస్తాన్ పిల్లలకూ చోటిచ్చారు. ఇక్కడ మాత్రం 2017 మే నెలలో, ఒక స్వచ్ఛంద సంస్థ ఆహ్వానంపై వాఘా దాటి వచ్చిన సుమారు 50 మంది పాకిస్తానీ విద్యార్థులు పర్యటన పూర్తికాకుండానే వెనుదిరిగారు. నియంత్రణ రేఖ వద్ద ఇద్దరు భారత జవాన్ల దేహాలను ఛిద్రం చేసిన దుర్మార్గం అప్పుడే జరిగింది. ఇది అతిథులకు తగిన సమయం కాదని మన ప్రభుత్వం భావించింది.

భద్రత మాటేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. అయితే 2018 మే 18న టెక్సాస్‌లోని శాంటా ఫే హైస్కూలులో కాల్పులకు బలైన పదిమందిలో ‘యెస్’ పథకం కింద వెళ్ళిన 17 ఏళ్ల కరాచీ బాలిక ఒకరు. ఈద్ పండుగకు ఇల్లు చేరవలసిన పిల్ల శవపేటికలో చేరింది. సంపూర్ణ అభయం ఇవ్వగల దేశం ఏదీ లేదు. ఆమె నగరంలో హైదరాబాదు వలసకుటుంబాలు స్థిరపడిన పేటకు ‘హైదరాబాద్ కాలనీ’ అనే పేరు. ఆ నగరపు పిల్లలు మన హైదరాబాదులో ఒక నెల గడపడం ఊహకు సైతం అందని విషయమైపోయింది.

ఫ్రాన్సు, జర్మనీలు 1870 నుంచి డెబ్బై అయిదేళ్లలో మూడు మహాయుద్ధాలు చేసిన దేశాలు. 1963 జనవరిలో ఎలిజే ఒప్పందంపై సంతకాలు చేసి, అదే ఏట ఉమ్మడి యువజన కార్యాలయం స్థాపించుకున్నాయి. నాటినుంచి లక్షలాది యువతీయువకులు ఒకరి దేశానికి ఒకరు వెళ్ళివచ్చారు. మన 1972 సిమ్లా ఒప్పందంలోనూ ప్రయాణ సౌకర్యాల పెంపు, సాంస్కృతిక వినిమయం గురించిన వాక్యాలున్నాయి. వాటిని అమలుపరచే కార్యాలయమే లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘాతుకం దరిమిలా అట్టారీ ద్వారం మూతపడింది, వీసాలు రద్దయ్యాయి. ఉగ్రవాదాన్ని ఉపేక్షించమని కోరే వివేకి ఎవరూ ఉండరు. కాని శిక్షించవలసినవారినీ, ఉత్తరాలు రాసుకోవలసిన పిల్లలనూ ఒకే గాట కట్టడం రాజనీతి అనిపించుకోదు.

ఇరుదేశాల ప్రతినిధులు ఎన్నడో ఒకనాడు మళ్ళీ ఒక బల్లకు ఇరువైపులా కూర్చోక తప్పదు. అప్పటి ఒప్పందంలో విద్యార్థుల మార్పిడికి ఒక వాక్యం కాక ఒక కార్యాలయం, కొంత నిధి కేటాయించాలి. ఏడాది అక్కరలేదు, వేసవి సెలవుల్లో ఒక నెల చాలు. ఎదుటి దేశంవాడు ఏం తింటాడో, దేనికి నవ్వుతాడో, దేనికి నొచ్చుకుంటాడో ఎరిగిన తరం ఒకటి పెరిగితే, రేపటి చర్చలకు కూర్చునేవారు వారే అవుతారు.