నొగ మీది బరువు

జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే కంటెయినర్లు, పత్తి లారీలు, గడ్డి ట్రాక్టర్లు అన్నీ కనిపిస్తాయి. కారు వెనక తగిలించుకుపోయే చిన్న ఇల్లు మాత్రం కనిపించదు. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయొచ్చినవాళ్లు ఫోటోలు చూపించి, అట్లాంటిది ఒకటుంటే నల్లమలకు పోవచ్చుగదా అంటుంటారు. పోవచ్చు. ముందు ఆ బండేమిటో తెలియాలి.

గుడ్డు ఆకారంలో ఉండే ఈ ఫైబర్ ట్రైలర్లలో పేరుపడ్డది బోలర్. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో తయారుచేశాడు. అంతకుముందు ఆయన ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకు చేశాడు. ట్యాంకులో నీళ్లు ఆగితే ఇంట్లోకి వాన రాకుండానూ ఆగుతుంది కదా! పై చిప్ప, కింది చిప్ప అచ్చుల్లో పోసి నడుము దగ్గర అతుకుతారు. గోడల్లో చెక్క చట్రం ఉండదు కాబట్టి చీకిపోయేది తక్కువ. కృష్ణలో వెదురు పుట్టి పోయి ఫైబర్ పుట్టి వచ్చింది చూశారుగా, సరుకు అదే: గాజు పోగు, రెసిన్.

అయినా కారుతుంది. కిటికీల అంచులు, పైకప్పు గాలిగూడు, రివెట్లు - దారులు ఇవే. పాతది కొనేటప్పుడు లోపలి పరుపు, సోకు చూడొద్దు. తలుపు దగ్గర ప్లైవుడ్ నేలను కాలితో నొక్కండి. మెత్తగా దిగితే నీళ్లు తాగినట్టే. తర్వాత కిందికి దూరి ఇనుప చట్రం వెల్డింగులు పగిలాయేమో వెతకండి. చాలా ట్రైలర్లకు ఇరుసులో రబ్బరే స్ప్రింగు. పాతికేళ్లు దాటితే అది గట్టిపడి చచ్చిపోతుంది. గుంత పడ్డప్పుడల్లా దెబ్బ నేరుగా చిప్పకు తగులుతుంది. మన మట్టిదారులకు మొదటి ఖర్చు ఇరుసు, టైర్లు, బ్రేకులే. బ్రేకుల్లేని ట్రైలర్, దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్‌లో కారును వెనకనుంచి తోస్తుంది.

బరువు సంగతి కచ్చురం తోలిన తాతలకు బాగా తెలుసు. బరువంతా వెనకేస్తే నొగ లేస్తుంది, ముందుకేస్తే ఎద్దు మెడ విరుగుతుంది. ట్రైలర్‌కూ అంతే: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. సామానుతో 900 కిలోలు తూగితే 90 నుంచి 135 కిలోలు. అంతకన్నా తగ్గితే వేగం పెరిగినకొద్దీ తోక ఊపుతుంది. వెనక ఒక్క 80 లీటర్ల నీళ్లు నింపితే ఈ లెక్క తారుమారు. అందుకే నీళ్ల ట్యాంకు ఇరుసుకు దగ్గరగా పెట్టించుకోండి. ఆ 900ను లాగడానికి మీ కారు కంపెనీ ఒప్పుకుందా? మాన్యువల్ తిరగేయండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక కరెంటు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. 30 వాట్ల ఫ్యాన్ రాత్రంతా తిరిగినా 300 దాటదు. లిథియందైతే ఇందులో చాలావరకు వాడుకోవచ్చు. లెడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే త్వరగా చెడుతుంది, బరువూ ఎక్కువే. కిలోవాట్ లాగే ఏసీ గంటలో అంతా మింగేస్తుంది. పాలమూరు మేలో ఏసీ లేకుండా ఆ గుడ్డులో పడుకుంటే ఉడుకుతాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగండి, ఏసీ డబ్బులు ఇరుసుకు పెట్టండి.

నల్లమలకే పోతే, అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎక్కడపడితే అక్కడ ఆగి పడుకోవడం కుదరదు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు. సోమశిల వైపు కృష్ణ ఒడ్డున, స్థలం ఆసామిని అడిగి ఆగడం నయం.

వెళ్లేముందు జొన్న కోసిన చేనులో ఒక పూట వెనక్కి నడపడం నేర్చుకోండి. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది, పుస్తకంలో చదివితే ఎక్కదు. ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీ తోలే పిల్లగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. వాడు నవ్వుతూనే నేర్పుతాడు.