ఇంకా ఎంత పొద్దుంది? మారిషస్ దీవిలో తుఫాను హెచ్చరికల కథ

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మా బీర్‌గావ్‌లో ఆకాశం మబ్బు పట్టి ఉంది, అంతే. రాయ్‌పూర్ శివార్లలోని ఈ కార్మికుల ఊళ్లో, ఉర్లా పారిశ్రామికవాడ మిల్లుల్లో పనిచేసే వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లున్నారు. మా పక్కవాటాలో ఉండే ఆయనది భోగాపురం వైపు పల్లె. ఆయన పొద్దుటి నుంచి సెల్‌ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. ఊళ్లో ముసలి తల్లి ఒక్కతే ఉంది. ఫోను మోగటం లేదు. టీవీలో విశాఖ రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారని పదేపదే చెబుతున్నారు.

"పదో నంబరంటే ఏటి మాస్టారూ? పదకొండు కూడా ఉందంట గదా. ఇంకా పెద్దది రావాలా?" అని అడిగారాయన.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. తుఫాను వచ్చినప్పుడల్లా మనలో చాలామందికి కలిగే సందేహమే. రేవుల్లో ఎగరవేసే సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. కాని ఇవి పరీక్షలో మార్కుల్లాంటివి కావు. 8, 9, 10 నంబర్లు మూడూ దాదాపు ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. తీవ్రమైన తుఫాను రేవుకు ఒక పక్కగా తీరం దాటేట్టుంటే 8, రెండో పక్కగా అయితే 9, రేవు మీదుగా లేదా బాగా సమీపంలో దాటేట్టుంటే 10. అంతకన్నా తక్కువ బలమున్న తుఫానుకు ఇదే పద్ధతిలో 5, 6, 7. మరి 11? అది గాలి వేగానికి సంబంధించింది కానే కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని, ప్రమాదం ముంచుకొస్తోందని స్థానిక అధికారి భావిస్తున్నాడని దాని అర్థం. ఆ రోజు విశాఖలో నిజంగా జరిగింది అదే. గంటకు 180 కి.మీ. స్థాయి గాలులకు సెల్ టవర్లు కూలాయి, కరెంటు పోయింది. తుఫానును గమనిస్తున్న డాప్లర్ రాడారు కూడా మూగబోయింది.

ఈ సూచికలు ఓడల కెప్టెన్ల కోసం పుట్టాయి. తుఫాను తనకు ఏ పక్క నుంచి వెళుతుందో తెలిస్తే కెప్టెను లంగరు ఎత్తాలో దించాలో నిర్ణయించుకుంటాడు. పెంకుటింట్లో ఉన్న ముసలమ్మకు ఆ సమాచారంతో పనేమిటి? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు కూడా తుఫాను వస్తోందని రేడియో చెప్పకపోలేదు. అయిదు మీటర్ల ఎత్తున సముద్రం పల్లెల మీదికి వస్తుందన్న సంగతి మాత్రం జనానికి అర్థమయ్యే మాటల్లో చేరలేదు. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు 10 వేలకు దగ్గర.

అయితే హెచ్చరిక ఎలా ఉండాలి? ఈ ప్రశ్నకు ఒక చిన్న దీవి తనదైన జవాబు చెప్పుకొంది. ఆ దీవితో మన తెలుగువారికి పాత చుట్టరికం కూడా ఉంది.

కోరంగి నుంచి మారిషస్‌కు

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉంది మారిషస్. ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చ.కి.మీ. మన పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా కాదు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా వచ్చిన పిలుపు అది. నేటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

ఆ కోరంగి రేవునే 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు తుడిచిపెట్టాయి. 1839లో 3 లక్షల మంది చనిపోయారని పుస్తకాల్లో ఒకదాన్ని చూసి ఒకటి రాస్తుంటాయి. ఆనాటి ఆ ప్రాంత జనాభాను తలచుకుంటే ఈ అంకె నాకు నమ్మబుద్ధి కాదు. ఏమైనా, రేవు మాత్రం మళ్లీ కోలుకోలేదు. బంగాళాఖాతపు తుఫానులను ఆ రోజుల్లో శ్రద్ధగా పరిశీలించినవాడు కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్. మారిషస్ దగ్గర 1845లో 'చార్లెస్ హెడిల్' అనే ఓడ తుఫానులో చిక్కి రోజుల తరబడి గుండ్రంగా తిరిగింది. దాని దినచర్య పుస్తకాన్ని తెప్పించుకుని చదివి, తుఫాను గాలి తిన్నగా వీచదని, సుడి తిరుగుతుందని ఆయన చూపించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పేరును 1848లో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

మారిషస్‌లో 1851లోనే వాతావరణ పరిశీలనకు ఒక సంఘం ఏర్పడింది. చార్లెస్ మెల్‌డ్రమ్ అనే శాస్త్రజ్ఞుడు రేవుకు వచ్చిన ప్రతి ఓడ నుంచీ గాలి, వాయుపీడనం లెక్కలు సేకరించి తుఫానుల దారులను పటాల మీద గీశాడు. అంతటి పరిశీలన ఉన్నా 1892 ఏప్రిల్ 29 తుఫాను సుమారు 1,200 మందిని బలిగొంది. సుడి మధ్యలో ఉండే ప్రశాంత ప్రాంతాన్ని 'కన్ను' అంటారు. అది రాజధాని పోర్ట్ లూయిస్ మీదికి వచ్చినప్పుడు గాలి ఆగిపోయింది. కన్ను దాటాక వ్యతిరేక దిశ నుంచి విరుచుకుపడిన గాలి నగరంలో పెద్ద భాగాన్ని నేలమట్టం చేసింది.

1960 ఫిబ్రవరిలో వచ్చిన 'కరోల్' తుఫానులో గంటకు 256 కి.మీ. విసురు గాలులు నమోదయ్యాయి. గడ్డి, రేకు ఇళ్లు వేల సంఖ్యలో ఎగిరిపోయాయి. మరణాలు 42. ఆ తర్వాత దీవిలో కాంక్రీటు ఇళ్లు వచ్చాయి. 1975లో 'జెర్వేజ్' అనే తుఫాను గాలి అంతకంటే బలంగా, 280 కి.మీ. దాకా వీచినా మరణాలు పది దాటలేదు. ఇందులో ఇళ్ల పాత్ర ఎంతో, హెచ్చరికల పాత్ర ఎంతో విడదీసి చెప్పటం కష్టం. ఇప్పుడు ఆ హెచ్చరికల సంగతి చూద్దాం.

పగటి గంటల లెక్క

మారిషస్ వాతావరణ శాఖ హెచ్చరికలకు నాలుగు తరగతులున్నాయి. ఏళ్ల తరబడి నిలిచిన వాటి నిర్వచనాలు ఇవి. గంటకు 120 కి.మీ. విసురు గాలి రావటానికి 36 నుంచి 48 గంటల ముందు ఒకటో తరగతి. ఆ గాలి రాకముందు జనానికి 12 గంటల పగటి వెలుతురు మిగిలేట్టు రెండో తరగతి. 6 గంటల పగటి వెలుతురు మిగిలేట్టు మూడో తరగతి. ఆ గాలి ఎక్కడైనా నమోదై, కొనసాగేట్టుంటే నాలుగో తరగతి. రేడియో, టీవీలతో పాటు ప్రభుత్వ భవనాల మీద ఎర్ర జెండాలు ఎగిరేవి, ప్రమాదం తొలగితే నీలం జెండా.

గమనించారా? ఇక్కడ తరగతి పెరిగితే తుఫాను బలం పెరిగిందని కాదు, మీకున్న వ్యవధి తగ్గిందని. అదీ పగటి వ్యవధి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 120 కి.మీ. గాలి రేపు తెల్లవారుజామున 3 గంటలకు వస్తుందని అంచనా. జనవరిలో అక్కడ సుమారు 7 గంటలకు పొద్దు గుంకుతుంది. కాబట్టి మూడో తరగతి హెచ్చరిక ఈ మధ్యాహ్నం ఒంటిగంటకే రావాలి, అంటే గాలికి 14 గంటల ముందు. రెండోది ఉదయం 7 గంటలకే రావాలి. చీకట్లో ఇంటి కప్పు మీదికెక్కి రేకులు బిగించలేం, పశువులను తోలుకు రాలేం, పసిపిల్లలతో కాలువ దాటలేం. ఆ చీకటి గంటలను లెక్కలోంచి తీసేశారన్నమాట. ఈ ఒక్క ఏర్పాటు చూస్తేనే నియమాలు రాసినవాళ్లు ఎప్పుడో ఒకసారి తుఫాను రాత్రి బయట నిలబడి ఉంటారనిపిస్తుంది.

120 అనే అంకె ఎందుకు? గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 120 కి.మీ. వేగంలో చదరపు మీటరుకు సుమారు 68 కిలోల బరువుతో నెట్టినంత ఒత్తిడి. మామూలు తలుపు మీద ఇద్దరు మనుషులు ఆనుకున్నట్టు. ఆ గాలికి కొమ్మలు విరుగుతాయి, రేకులు ఎగురుతాయి, మనిషి నిలబడలేడు. 240 కి.మీ. అయితే అదే చదరపు మీటరు మీద 270 కిలోలు. అంటే 120 దగ్గర మనిషి బయట ఉండగలిగే హద్దు ముగుస్తుంది. ఆపైన ఎంత అన్నది ఇంట్లో కూర్చున్నవాడికి అంత ముఖ్యం కాదు.

మా పక్కవాటా ఆయనకు నాలుగో రోజున ఫోను కలిసింది. తల్లి క్షేమంగా ఉంది. తుఫానుకు ముందురోజు సాయంత్రమే ఊరి బడికి చేరిందట. పదో నంబరు సంగతి ఆమెకు తెలియదు. "సీకటి పడకముందే బడికి రండి, ఇప్పుడే రండి" అని మైకులో అరిచారట. పేరు పెట్టకపోయినా అది మారిషస్ పద్ధతే.

నీళ్లకు తరగతి లేదు

ఈ పద్ధతిలో ఒక లోటుంది. దాని కొలబద్ద గాలి. వాన కాదు.

2013 మార్చి 30న పోర్ట్ లూయిస్‌లో రెండు గంటల లోపే 152 మి.మీ. వాన కురిసింది. అప్పుడు తుఫానే లేదు, కాబట్టి ఏ తరగతీ లేదు. ఒక చదరపు కిలోమీటరు మీద అంత వాన అంటే 15 కోట్ల లీటర్ల పైమాట. నగరం వెనుకే నిటారు కొండలు, వాటి నుంచి పొట్టి వాగులు. గోదావరి వరద మనకు రోజుల ముందే తెలుస్తుంది. అక్కడ కొండమీద వాన వీధిలోకి రావటానికి అరగంట చాలు. పాదచారుల సొరంగమార్గంలోనూ, భూగర్భ కార్ల పార్కులోనూ చిక్కుకున్నవాళ్లతో కలిపి 11 మంది చనిపోయారు. ఆ ఏడాదే ప్రభుత్వం విపత్తుల నిర్వహణకు జాతీయ కేంద్రం ఏర్పాటు చేసింది.

2024 జనవరి 15, సోమవారం, మన సంక్రాంతి రోజు. 'బెలాల్' తుఫాను మారిషస్‌కు దాదాపు 200 కి.మీ. దూరంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌ను తాకింది. అక్కడ సహాయ సిబ్బందితో సహా ఎవరూ బయటికి రాకూడదని అత్యున్నత హెచ్చరిక అమల్లో ఉంది. మారిషస్‌లో జనం ఎప్పట్లాగే పనులకు వెళ్లారు. కొన్ని గంటల్లో పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు తేలుతూ ఒకదాని మీదికొకటి ఎక్కాయి. హెచ్చరిక ఆలస్యమైందని విమర్శలు చెలరేగాయి, వాతావరణ శాఖ అధిపతి రాజీనామా చేశారు. నాకు మాత్రం తప్పు ఒక మనిషిది అనిపించదు. మూడో తరగతి ప్రకటిస్తే దేశం మొత్తం పని ఆగిపోతుంది. తుఫాను పక్కనుంచి పోతే మరుసటిసారి ఎవరూ నమ్మరు. ఒకరోజు ముందు వేసే అంచనాలో పదుల కిలోమీటర్ల తేడా సహజం, దీవి వెడల్పేమో 45 కి.మీ. గాలి 120కి చేరుతుందా అని చూస్తూ కూర్చుంటే ఈలోగా నీళ్లు వచ్చేశాయి.

దీవులకు ఇంకో కష్టం కూడా ఉంది. 2022 జనవరి 15న పసిఫిక్‌లోని టోంగా దగ్గర సముద్రగర్భ అగ్నిపర్వతం పేలింది. ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపే కేబులు సముద్రం అడుగున ఒక్కటే. అది తెగింది, బాగుచేయటానికి సుమారు అయిదు వారాలు పట్టింది. రేవు సూచికల్లోని పదకొండో నంబరు ఒక దేశం మొత్తానికి ఎగిరినట్టయింది. 2027కల్లా ప్రపంచంలో ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి 2022 మార్చిలో పిలుపునిచ్చింది. అప్పటికి మూడోవంతు జనాభాకు ఆ సౌకర్యం లేదు, వాళ్లలో చిన్న దీవుల ప్రజలూ ఉన్నారు.

మనదేశంలో 1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తీర గ్రామాల్లో సైరన్ మోగించి, వెనువెంటనే స్థానిక భాషలో మాట వినిపించే ఏర్పాటు మొదలైంది. 1990 మేలో 1977 నాటి తుఫానుతో పోల్చదగినదే ఆంధ్ర తీరాన్ని తాకినప్పుడు లక్షల మందిని ముందే తరలించగలిగారు. మరణాలు వెయ్యి లోపే. ఇప్పుడు మన వాతావరణ శాఖ కూడా గంటల లెక్క చెబుతోంది. తీరానికి 72 గంటల ముందు మొదటి సూచన, 48 గంటల ముందు రెండోది, 24 గంటల ముందు మూడోది. నాలుగోది 12 గంటల ముందు, తుఫాను తీరం దాటాక ఎటు వెళుతుందో లోపలి జిల్లాలకు చెప్పేది. హుద్‌హుద్ తీరం దాటి, బలహీనపడి, ఛత్తీస్‌గఢ్ మీదుగానే ఉత్తరానికి వెళ్లింది. మా బీర్‌గావ్ వీధుల్లో ఆ నాలుగో సూచన గురించి ఆనాడు ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. అందరి చెవులూ విశాఖ వైపే ఉన్నాయి.